నిర్వాసితుల మీద యూనివర్సిటీలో ఒక సెంటర్: నా అనుభవం

"మన జిల్లాల్లో శరణార్థులెక్కడున్నారండీ?" అని అకడమిక్ కౌన్సిల్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ అడిగారు. ఎద్దేవాగా కాదు, తెలుసుకుందామనే అడిగారు. శరణార్థులు, బలవంతపు వలసల మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టాలని నేనిచ్చిన ప్రతిపాదన ఆ రోజు చర్చకు వచ్చింది. ఢిల్లీలోనో కోల్‌కతాలోనో అయితే సరే, కోస్తాలో ఉన్న మన యూనివర్సిటీకి ఎందుకన్నది అక్కడున్న చాలామంది సందేహం. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్ళాకే మా సెంటర్ ఏం చేయాలో నాకు స్పష్టంగా తెలిసింది. అందుకే ఆ జవాబుతోనే మొదలుపెడతాను.

విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా ఆ పేరెందుకు వచ్చిందో తెలిసినవాళ్ళు తక్కువ. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్ వెళ్ళి, అక్కడ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చాకిరీ చేసిన తెలుగువాళ్ళు లక్షకు తక్కువ ఉండరు. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో దాడులకు గురైంది వాళ్ళే. 1941 డిసెంబర్‌లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి చిట్టగాంగ్ వైపు, మణిపూర్ వైపు నడిచారు. దారిలో జ్వరాలతో, ఆకలితో వేలమంది పోయారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసింది, 1964 మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. దాంతో మళ్ళీ ఓడలెక్కి కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఆ పేరు అలా తిరిగొచ్చినవాళ్ళ వల్లే వచ్చింది. వాళ్ళ మనవలు ఇప్పుడు మా క్లాసుల్లో కూర్చుంటున్నారు.

అదే విశాఖలో స్టీల్ ప్లాంటుకు భూములిచ్చిన ఊళ్ళ కుటుంబాలున్నాయి. వాళ్ళ చేతిలో ఉండేది ఆర్ కార్డు, అంటే నిర్వాసితులని గుర్తించి ఇచ్చిన రిహాబిలిటేషన్ కార్డు. ప్లాంటుకు 1971లో శంకుస్థాపన జరిగితే, ఆర్ కార్డు ఉన్నా ఉద్యోగం రాలేదని ధర్నా చేసిన తాతల కార్డులు పట్టుకుని మనవలు ఇంకా తిరుగుతున్నారు. గోదావరి మీదికి వెళ్తే పోలవరం. లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాల్సిన ప్రాజెక్టు అది. వదలాల్సినవాళ్ళలో కోయలూ కొండరెడ్లూ చాలామంది. ఇంకొంచెం పైకి, చింతూరు దాటి తెలంగాణ వైపు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లోకి వెళ్తే గొత్తికోయల గూడేలు కనిపిస్తాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడితే పారిపోయి వచ్చినవాళ్ళు. సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో చెప్పింది గానీ ఆ తీర్పుతో వాళ్ళ ఊళ్ళు తిరిగి రాలేదు. ఇక హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు. చెత్త ఏరుకుంటూ, కూలికి పోతూ, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డును ప్రాణంలా దాచుకుని బతుకుతున్నారు.

ఇదంతా ఒక మ్యాపు మీద గుర్తులు పెట్టి, తర్వాతి సమావేశానికి తీసుకెళ్ళాను. "ఎక్కడున్నారు" అన్న ప్రశ్న మళ్ళీ రాలేదు.

దాని బదులు ఇంకో గట్టి ప్రశ్న వచ్చింది. అంతర్జాతీయ సంబంధాలు చెప్పే మా సహోద్యోగి ఒకాయన ఇలా వాదించారు: శరణార్థి అంటే సరిహద్దు దాటినవాడు, శరణార్థుల మీద 1951లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం చెప్పింది అదే, డ్యాములో ఊరు మునిగినవాణ్ణీ ప్రాణభయంతో దేశం దాటినవాణ్ణీ ఒకే గాటన కడితే రెండో అతనికి అన్యాయం జరుగుతుంది. కొట్టిపారేసే మాట కాదది. పోలవరం నిర్వాసితుడికి ఓటుంది, రేషన్ కార్డుంది, కోర్టుకెళ్ళే హక్కుంది, ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చునే వీలుంది. బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాకు ఇవేవీ లేవు. మన దేశం 1951 ఒప్పందం మీదా, దాని పరిధి పెంచిన 1967 ప్రొటోకాల్ మీదా సంతకం పెట్టలేదు. శరణార్థులకంటూ చట్టమే లేదు. నిన్నమొన్నటి వరకు 1946 నాటి విదేశీయుల చట్టం, ఇప్పుడు దాని స్థానంలో 2025 చట్టం. ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయించిన కొందరిని పక్కన పెడితే, కాగితాలు లేని విదేశీయుడు ఏ కారణంతో వచ్చినా చట్టం కళ్ళకు అక్రమంగా వచ్చినవాడే.

అయినా రెండింటినీ ఒకే కప్పు కింద ఉంచాలనే నేను పట్టుబట్టాను. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్ళు 12 కోట్ల 32 లక్షలమందని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క. అందులో 7 కోట్ల 35 లక్షలమంది సొంత దేశం లోపలే ఉన్నారు. సరిహద్దునే గీతగా పెట్టుకుంటే సగానికి ఎక్కువమంది మన కంటికి ఆనరు. పైగా ఆ లెక్క యుద్ధాలూ హింసా తరిమేసినవాళ్ళది. డ్యాములూ గనులూ లేపేసిన ఊళ్ళు అందులో లేవు. దేశం లోపలి నిర్వాసితుల మీద ఐక్యరాజ్యసమితి 1998లో తెచ్చిన మార్గదర్శక సూత్రాల్లో మాత్రం, తప్పనిసరి ప్రజా ప్రయోజనం లేకుండా భారీ ప్రాజెక్టుల కోసం జనాన్ని లేపేయకూడదని ఆరో సూత్రంలోనే ఉంది. అది చదివి వినిపించాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పరిశోధన రెండు పాయలుగా (సరిహద్దు దాటినవాళ్ళది మొదటిది, దేశం లోపల ఊరు వదిలినవాళ్ళది రెండోది), పాఠాలు విడివిడిగా, కాగితాల భద్రపరుపు మాత్రం ఒకేచోట. ఆ వాదించిన సహోద్యోగే ఇప్పుడు మొదటి పాయ చూసుకుంటున్నారు.

యూనివర్సిటీలో ఫైలు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకు మిగతాది పెద్దగా చెప్పక్కర్లేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. మధ్యలో వైస్ ఛాన్సలర్ మారారు, ఫైలు మళ్ళీ మొదటికి వచ్చింది. కొత్తగా ఎవరైనా ఇలాంటిది పెట్టాలనుకుంటే నా సలహా ఒక్కటే: మొదట్లోనే పోస్టులు అడక్కండి. "యూనివర్సిటీపై అదనపు ఆర్థిక భారం పడదు" అన్న వాక్యం లేకపోతే ఫైలు కదలదు. ప్రత్యేక డిపార్ట్‌మెంట్ అన్నా కదలదు. లా, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, ఆంత్రోపాలజీ, చరిత్ర విభాగాల నుంచి ఇష్టపడి వచ్చిన కొందరితో మాది ఉమ్మడి సెంటర్ అని రాశాం. పరీక్షల విభాగం పాత జవాబుపత్రాల కట్టలు పెట్టుకున్న గది ఖాళీ చేసి ఇచ్చారు. ఆ గది సంపాదించడానికి పడ్డ టెన్షన్ పీహెచ్‌డీ వైవాకు కూడా పడలేదు.

అప్పట్లో నాకు ధైర్యమిచ్చింది ఆక్స్‌ఫర్డ్ కథ. అక్కడి శరణార్థి అధ్యయన కేంద్రాన్ని 1982లో బార్బరా హారెల్-బాండ్ మొదలుపెట్టారు. అప్పటికి అది చిన్న కార్యక్రమమే. ఆవిడ చేసిన గొప్ప పనుల్లో ఒకటి, ఎక్కడా అచ్చుకాని నివేదికలూ, శిబిరాల రికార్డులూ, ఉత్తరాలూ పోగుచేసి లైబ్రరీగా నిలబెట్టడం. సాయం చేసే సంస్థల తీరును కూడా శరణార్థి వైపు నుంచి నిలదీశారు. మన దగ్గర 1996లో మొదలైన కలకత్తా రీసెర్చ్ గ్రూప్ యూనివర్సిటీ గోడల బయటే ఉండి, బలవంతపు వలసల మీద ఏళ్ళ తరబడి కోర్సులు నడిపింది. ఆంధ్రప్రదేశ్ విషయంలో వాల్టర్ ఫెర్నాండెజ్ బృందం 1951 నుంచి 1995 వరకు ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవాళ్ళనూ, దెబ్బతిన్నవాళ్ళనూ లెక్కగట్టి 30 లక్షల పైమాటే అని తేల్చింది. నాగార్జునసాగర్, శ్రీశైలం ముంపు ఊళ్ళన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఇంత పని ముందే జరిగింది కాబట్టి మేం సున్నా నుంచి మొదలుపెట్టలేదు.

సెంటర్‌కు అసలు దారి చూపించింది మాత్రం దేవీపట్నం వైపు ముంపు గ్రామాల వాళ్ళకు కట్టిన ఒక పునరావాస కాలనీలో కొండరెడ్డి ఇల్లాలు. మా రీసెర్చ్ స్కాలర్‌తో కలిసి ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి, కూర్చోమని, మేం అడక్కముందే రేకుపెట్టె తీసింది. యూరియా బస్తా లోపల ఉండే మందపాటి పాలిథిన్ కవర్లో కాగితాలు చుట్టి ఉన్నాయి. పట్టా పాసు పుస్తకం, భూమికి పరిహారం ఎంతో చెప్పే అవార్డు నోటీసు, ఓటర్ల లిస్టు జిరాక్సు, కరెంటు బిల్లు, గ్రామసభలో ఇచ్చిన అర్జీకి వేసిన స్టాంపు, వాటన్నిటి కిందా కూతురి పదో తరగతి సర్టిఫికెట్. పెళ్ళికోసమో ఉద్యోగం కోసమో దాచింది కాదు, అందులో పుట్టిన తేదీ ఉంటుందని దాచింది. పునరావాసంలో 18 ఏళ్ళు నిండిన కొడుకునైనా కూతురినైనా వేరే కుటుంబంగా లెక్కగడతారు, ప్యాకేజీ వేరుగా వస్తుంది. గిరిజనులకైతే అది 6 లక్షల 86 వేలు. వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీకి ఆ అమ్మాయికి కొన్ని నెలలు తక్కువయ్యాయి. కానీ లేపేసి కాలనీకి తీసుకొచ్చింది ఆ తేదీకి ఎన్నో ఏళ్ళ తర్వాత. ఊరు వదిలేనాటికి ఆ పిల్లకు పెళ్ళై బిడ్డ కూడా ఉంది. లెక్కలో మాత్రం మైనరే.

ఆవిడ కాగితాలన్నీ మళ్ళీ మడత మీద మడత పెట్టి కవర్లో చుడుతూ అంది: "మీలాంటోళ్ళు చాలామందే వచ్చారమ్మా. అడిగారు, రాసుకున్నారు, పోయారు. ఆ రాసిందేదో మళ్ళీ మా కళ్ళబళ్ళేదు. మా కాగితం మాత్రం ఆపీసోళ్ళు అడిగినప్పుడల్లా మేమే తేవాలి."

తిరుగు ప్రయాణంలో మా స్కాలర్ అన్నాడు, "మేడమ్, ప్రశ్నావళి పక్కన పెట్టి స్కానర్ తెచ్చుంటే బాగుండేది." సెంటర్ మొదటి నియమం ఆ మాటతోనే పుట్టింది. మేం ఏ ఊరికి వెళ్ళినా ముందు కాగితాలు అక్కడే, వాళ్ళ కళ్ళ ముందే స్కాన్ చేస్తాం. అసలు కాగితం గడప దాటదు. ఒక ప్రింటు వాళ్ళకు, ఒకటి ఊరి కమిటీకి. ఆ ప్రింటు మీద ఏ కాగితం దేనికి పనికొస్తుందో మా లా విభాగం పిల్లలు తెలుగులో రాసిపెడతారు. ప్రశ్నలు అడగడం ఆ తర్వాతే. అలా మొదలుపెట్టాక జనం మాతో మాట్లాడే తీరే మారిపోయింది.

పోలవరం ముంపు మండలాల్లో తిరిగితే ఎవరి నోట విన్నా కాంటూరే. "మాది 41.15, పక్కోళ్ళది 45.72" అంటారు. డ్యాములో నీళ్ళు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తు వరకు నిలుస్తాయో చెప్పే లెక్క అది. మొదటి దశలో 41.15 మీటర్ల వరకు ఖాళీ చేయించి పరిహారం, మిగతావాళ్ళకు తర్వాత అన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు, కూనవరం, వీఆర్‌పురం వైపు రెండో దశలో ఉన్న ఊళ్ళు కూడా మునిగాయి. మొదటి దశ లిస్టులో వాళ్ళ ఊరు లేదు, ఇంట్లో నీళ్ళున్నాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఇళ్ళ గోడల మీద వరద గుర్తులు గీసుకున్నారు. ఆ గీతలు మాసిపోకముందే టేపు పెట్టి కొలిచి, ఇంటివారీగా ఫోటో తీసి, తేదీ వేసి పెట్టడం మా ఎంఏ పిల్లలకు ఇచ్చిన మొదటి ఫీల్డు పని. ఆ పిల్లల్లో ఇద్దరివి ముంపు ఊళ్ళే. వాళ్ళు తీసిన నోట్సు చూస్తే నేను ఏళ్ళుగా రాసిన పేపర్లు పేలవంగా కనిపించాయి. డిసర్టేషన్ తెలుగులో రాయొచ్చని ఆర్డరు తెప్పించడానికి ఇంకో యుద్ధం చేయాల్సి వచ్చింది. చేశాం, వచ్చింది. ఆ నివేదిక చదవాల్సింది ఆ ఊరివాళ్ళు కదా.

మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర కొన్ని నెలలు ఆగిపోయాం. ఆ కమిటీ నియమాలన్నీ మందుల పరీక్షలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా సంతకంతో అంగీకార పత్రం తీసుకోవాలన్నారు. పునరావాస కాలనీలో అది ఇబ్బంది కాదు. బాలాపూర్‌లో మాత్రం సంతకం అడిగితే తలుపు మూసుకుంటుంది. పేరు, వేలిముద్ర, తేదీ ఉన్న కాగితం ఎవరి చేతికి చిక్కితే ఏమవుతుందో వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు. నోటిమాటగా అంగీకారం తీసుకుంటాం, మరో పరిశోధకుడు సాక్షిగా ఉంటాడు, పేరు బదులు కోడ్ నంబరు వేస్తాం అని రాసిచ్చాం. కమిటీలో ఉన్న డాక్టరుగారు ఒకరు ఓపిగ్గా విని, మాకన్నా మంచి ప్రశ్న వేశారు: "సరిహద్దు ఎలా దాటారు అని కూడా అడుగుతున్నారు. మీ పరిశోధనకు అది నిజంగా అవసరమా?" ఆలోచిస్తే అవసరం లేదు. ఆ సమాధానం వాళ్ళకు ప్రమాదం, మాకు కథ మాత్రమే. ఆ ప్రశ్న తీసేశాం. ఎవరు తెచ్చారు, ఏ దారిన వచ్చారు, బంధువులెక్కడున్నారు, ఈ మూడూ మా సెంటర్‌లో ఎవరూ అడగరు. బడి, ఆస్పత్రి, అద్దె, కూలి, వీటి గురించి అడుగుతాం. ఇంటర్నెట్‌కు తగిలించని కంప్యూటర్‌లో రికార్డింగులు, కోడ్ నంబర్ల చిట్టా వేరే బీరువాలో.

డబ్బు విషయంలో కూడా ఇదే నియమం మమ్మల్ని కాపాడింది. ఒక దాత సంస్థ మంచి మొత్తమే ఇస్తామంది. మాటలన్నీ అయ్యాక ఒప్పందం ముసాయిదాలో ఇంటింటి వివరాలూ, ఫోన్ నంబర్లూ, లొకేషన్లతో సహా వాళ్ళకు అప్పగించాలని ఉంది. తీసేయమంటే కుదరదన్నారు. ఆ డబ్బుతో రెండేళ్ళు ఇద్దరు స్కాలర్లకు ఫెలోషిప్ ఇచ్చుండొచ్చు. వద్దన్నాం. ఆ రోజు గదిలో ఉన్న చిన్న స్కాలర్లు నావైపు చూసిన చూపు నన్ను బాధపెట్టింది, ఎందుకంటే ఆ ఫెలోషిప్పు వాళ్ళదే. అయినా ఇప్పటికీ అదే జవాబు చెప్తాను. మనల్ని నమ్మి మాట్లాడినవాళ్ళ చిరునామాలు అమ్మి నడిపే సెంటర్ కన్నా మూతపడ్డ సెంటర్ మేలు. తర్వాత ప్రభుత్వ పరిశోధన మండలి నుంచి చిన్న ప్రాజెక్టు ఒకటి వచ్చింది. దాంతో స్కానర్లు కొన్నాం, ఒక స్కాలర్‌కు జీతం ఇస్తున్నాం. మిగతావాళ్ళు తమ పీహెచ్‌డీ పనితో కలిపి చేస్తున్నారు.

గొత్తికోయల గూడేల విషయంలో ఇంకా దారి దొరకలేదు. అక్కడివాళ్ళు ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగలే అయినా ఇక్కడ ఆ హోదా రాదు. పోడు కొట్టారని అటవీశాఖతో గొడవలు. మనం ఒక గూడెం గురించి వివరంగా రాస్తే ఆ గూడెం ఎక్కడుందో పదిమందికీ తెలుస్తుంది. రాయకపోతే వాళ్ళున్నారనే ఎవరికీ పట్టదు. ప్రస్తుతానికి పిల్లల చదువు మీద, అక్కడి అంగన్‌వాడీల మీద మాత్రమే పని పెట్టుకున్నాం, ఊళ్ళ పేర్లు వేయకుండా. వాళ్ళ భాష గోండి వచ్చిన పరిశోధకులు మాకు ఇంకా కావాలి. దుబాసీని మధ్యలో పెట్టుకుని చేసే ఇంటర్వ్యూలో భయం ఒక్కటే సరిగ్గా తెలుస్తుంది, మిగతాదంతా సగమే చేరుతుంది.

ఇప్పుడు మా ముందున్న పని బర్మా కాగితాలు. ఆ తరం వెళ్ళిపోతోంది. క్యాంపులో ఒక పెద్దాయన తన తండ్రి రంగూన్‌లో తీసుకున్న గుర్తింపు పత్రం చూపించారు. బర్మీస్ అక్షరాలు, మధ్యలో ఇంగ్లీషు, మూలన తెలుగులో సంతకం. ఎవరో మంచి ఉద్దేశంతోనే దాన్ని లామినేషన్ చేయించారు. లోపల కాగితం పసుపెక్కి, సిరా ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది. విడదీయడం మా వల్ల కాలేదు.

కాబట్టి ఇది చదివేవాళ్ళకు నా మనవి. మీ ఇంట్లో బర్మా నుంచి తెచ్చిన కాగితం ఉన్నా, ఆర్ కార్డు ఉన్నా, సాగర్, శ్రీశైలం ముంపు నోటీసులున్నా లామినేషన్ చేయించొద్దు. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా రెండు వైపులా ఫోటో తీయండి. మడతలు విప్పి, ఆమ్లం లేని తెల్ల కవర్లో పడుకోబెట్టి ఉంచండి. అది దొరక్కపోతే ఉతికిన నూలు గుడ్డలో చుట్టినా పర్లేదు. పాత ఫోటోల వెనక పెన్సిల్‌తో మనుషుల పేర్లు రాయండి, పెన్నుతో వద్దు. దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర విభాగానికి చూపించండి, అసలు మాత్రం ఇచ్చేయకండి, స్కాన్ చేయించి వెనక్కి తెచ్చుకోండి. వాటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్ళున్నంతలోనే ఒక మధ్యాహ్నం వాళ్ళ పక్కన కూర్చుని, ఏ ఊరి నుంచి బయల్దేరారో, వెంట ఎవరెవరున్నారో, ఏం వదిలేసి వచ్చారో ఫోన్‌లో రికార్డు చేయండి.